ఫార్మాట్ కొట్టకుండా డిస్క్ సెట్టింగులు మార్చుకోవాలంటే ఏ ఫైల్ సిస్టమ్ మేలు?

తిరుపతిలో ఫొటో స్టూడియోకో, లాడ్జికో, కాలేజీ ల్యాబుకో లైనక్స్ సర్వర్ పెట్టుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ‘ఏ ఫైల్ సిస్టమ్ ఫాస్ట్’ అని. డిస్క్ మీద ఫైళ్లను అమర్చి దాచే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. చిన్న ఆఫీసులో ఆ వేగం తేడా కంటికి ఆనదు. తేడా తెలిసేది రెండేళ్లు వాడాక, అవసరం మారినప్పుడు. డిస్క్ నిండిపోతుంది, ఒక్కొక్కరికి ఇంత చోటే ఇవ్వాలనిపిస్తుంది, పాత డిస్క్‌కు కాపీ తీసి పక్కన పెట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు డేటా కదల్చకుండా ఒక్క కమాండ్‌తో పని అయిపోతుందా, మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలా అన్నదే ప్రశ్న. బైరాగిపట్టెడలో ఇద్దరు మనుషులతో నడిచే స్టూడియోలో 4 టీబీ డిస్క్ ఖాళీ చేయడానికి ఇంకో 4 టీబీ డిస్క్ చేతిలో ఉండదు. ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో అయిపోతుంది’ అనే మాట అక్కడ చాలా ఖరీదైన సలహా.

అందుకే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ నాలుగింటినీ ఒకే కోణంలో చూద్దాం: కమాండ్ లైన్ నుంచి సెట్టింగ్ మార్చబోతే ఏది ఎంతవరకు లొంగుతుంది?

కమాండ్లను ఫోన్‌లో చెప్పుకునే పద్ధతిలోనే రాశాను. ‘మైనస్’ అన్నచోట చిన్న గీత కొట్టాలి. పెద్ద అక్షరమైతే ‘క్యాపిటల్’ అని చెప్పాను, చెప్పకపోతే చిన్నదే. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకండి. ఈఎక్స్‌టీ4 సెట్టింగులు మార్చే ట్యూన్2ఎఫ్‌ఎస్‌లో చిన్న ఎల్ కొడితే సెట్టింగులు చూపిస్తుంది, క్యాపిటల్ ఎల్ డిస్క్ పేరు మార్చడానికి.

## ముందు చూసుకోవాల్సినవి

సెట్టింగ్ ఎక్కడ నిలుస్తుంది? దీన్ని చాలామంది పట్టించుకోరు. కొన్ని సెట్టింగులు డిస్క్ మీదే, ఫైల్ సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాక్‌లో రాసి ఉంటాయి. డిస్క్ పీకి ఇంకో సిస్టమ్‌కి పెట్టినా వెంట వస్తాయి. కొన్ని ఆ సిస్టమ్‌లో, ఏ డిస్క్‌ను ఎక్కడ ఎలా తెరవాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఉంటాయి, డిస్క్ మారితే అక్కడే మిగిలిపోతాయి. ఒకే డిస్క్‌ను రెండు సిస్టమ్‌ల మధ్య తిప్పేవాళ్లకు ఇది మొదటి ప్రశ్న కావాలి.

వెనక్కి తిప్పగలమా? పేరు, రిజర్వ్ శాతం లాంటివి ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కొత్త ఫీచర్ ఆన్ చేయడం అలా కాదు. కొన్ని ఒకసారి ఆన్ అయితే అంతే, పాత లైనక్స్ ఉన్న సిస్టమ్ ఆ డిస్క్‌ను ఇక మౌంట్ చేయకపోవచ్చు, అంటే వాడకానికి తెరవకపోవచ్చు.

పాత ఫైళ్లకు వర్తిస్తుందా? కంప్రెషన్ (ఫైళ్లను కుదించి దాచడం) ఆన్ చేయగానే డిస్క్‌లో చోటు పెరుగుతుందనుకుంటారు. పెరగదు. ఆ తర్వాత రాసినవాటికే అది వర్తిస్తుంది.

పని ఆపాలా అన్నది నాలుగోది. డిస్క్ వాడుతుండగానే అయ్యే మార్పులున్నాయి, మౌంట్ తీస్తేగానీ కానివీ ఉన్నాయి. సిస్టమ్ నడిచే రూట్ పార్టిషన్‌కే మౌంట్ తీయాల్సి వస్తే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలి. మన వైపు వేసవి గాలివానలకు ఎప్పుడు కరెంటు పోతుందో చెప్పలేం కాబట్టి, మార్పు మధ్యలో ఆగితే ఏమవుతుందన్నదీ లెక్కలోకి రావాలి.

| విషయం | ఈఎక్స్‌టీ4 | ఎక్స్‌ఎఫ్‌ఎస్ | బీటీఆర్‌ఎఫ్‌ఎస్ | జెడ్‌ఎఫ్‌ఎస్ |
|---|---|---|---|---|
| మార్చే సాధనం | ట్యూన్2ఎఫ్‌ఎస్ | ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ | బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ప్రాపర్టీ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ట్యూన్ | జెడ్‌ఎఫ్‌ఎస్ సెట్ |
| వాడుతుండగా మార్పు | కొన్ని | తక్కువ | చాలావరకు | దాదాపు అన్నీ |
| సైజు పెంచడం | వాడుతుండగానే | వాడుతుండగానే | వాడుతుండగానే | వాడుతుండగానే |
| సైజు తగ్గించడం | మౌంట్ తీసి | కాదనే అనుకోవాలి | వాడుతుండగానే | డిస్క్‌ను కుదించలేం, కోటా మార్చుకోవచ్చు |
| ఫైల్ డేటాకు చెక్‌సమ్ (డేటా చెడిందేమో పట్టుకునే లెక్క) | లేదు | లేదు | ఉంది | ఉంది |
| కంప్రెషన్ | లేదు | లేదు | ఉంది | ఉంది |
| తర్వాత మారనివి | బ్లాక్ సైజు, ఐనోడ్ నిష్పత్తి | బ్లాక్ సైజు | నోడ్ సైజు | ఏషిఫ్ట్ |

## ఈఎక్స్‌టీ4, ట్యూన్2ఎఫ్‌ఎస్

2008 డిసెంబరులో లైనక్స్ 2.6.28తో స్థిరపడిన ఫైల్ సిస్టమ్ ఇది. ఉబుంటు, డెబియన్ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఇదే వస్తుంది. చేతిలో ఏముందో తెలుసుకోకుండా ఏదీ మార్చకూడదు కాబట్టి మొదట కొట్టాల్సింది: సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎల్, ఆ తర్వాత డిస్క్ పేరు. వచ్చే జాబితాలో నాలుగు వరుసలు చూడండి: బ్లాక్ కౌంట్, రిజర్వ్‌డ్ బ్లాక్ కౌంట్, ఎర్రర్స్ బిహేవియర్, మాక్సిమమ్ మౌంట్ కౌంట్.

రిజర్వ్‌డ్ బ్లాకుల నుంచి మొదలుపెడదాం, ఎక్కువమందికి ఉపయోగపడేది ఇదే. ఈఎక్స్‌టీ4 మామూలుగా డిస్క్‌లో 5 శాతాన్ని రూట్ యూజర్ (అడ్మినిస్ట్రేటర్) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ ఉన్న డిస్క్ నిండిపోయినా లాగిన్ అయ్యి సరిచేసుకునే వీలుండాలని, ఫైళ్లు ముక్కలు కాకుండా కాస్త ఖాళీ ఉండాలని ఆ ఏర్పాటు. రూట్ పార్టిషన్‌కు అది ఉండాల్సిందే. కేవలం ఫొటోలు, వీడియోలు దాచే 4 టీబీ డిస్క్‌లో మాత్రం 5 శాతమంటే 200 జీబీ. డిస్క్‌లో ఉంది, వాడుకోడానికి లేదు. దీన్ని 1 శాతానికి తగ్గించాలంటే:

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎమ్ 1 స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ1

డిస్క్ వాడుతుండగానే కొట్టొచ్చు, ఆ క్షణమే 160 జీబీ తిరిగొస్తుంది. వద్దనుకుంటే మళ్లీ 5 అని కొడితే సరి. సున్నా పెట్టమని కొందరు చెబుతారు. డేటా డిస్క్‌కు ప్రమాదమేమీ లేదు గానీ, అంచుదాకా నింపితే కొత్త ఫైళ్లు ముక్కలు ముక్కలుగా పడతాయి. 1 దగ్గర ఆగమనే నా సలహా.

ఎర్రర్స్ బిహేవియర్ దగ్గర మామూలుగా ‘కంటిన్యూ’ అని కనిపిస్తుంది. అంటే ఫైల్ సిస్టమ్‌లో తప్పు దొరికినా రాస్తూనే పోతుంది. రూట్ పార్టిషన్ విషయంలో డెబియన్ ఇన్‌స్టాలర్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ‘రీమౌంట్ ఆర్‌ఓ’ అని తానే రాసి పెడుతుంది. మనం తర్వాత తగిలించుకున్న డేటా డిస్క్‌కు ఆ కాపలా ఉండదు. ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఈ రీమౌంట్ మైనస్ ఆర్‌ఓ అని కొడితే సూపర్‌బ్లాక్‌లోనే రాసుకుంటుంది. తప్పు కనబడగానే రాయడం ఆపేసి చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. బిల్లులు, కస్టమర్ల ఫొటోలు ఉన్న ఏ డిస్క్‌కైనా ఇది పెట్టాలని గట్టిగా చెబుతాను. పని ఆగితే చూసుకోవచ్చు, చెడిన డేటా మీద చెడు రాసుకుంటూ పోతే తిరిగి రాదు.

మౌంట్ కౌంట్ దగ్గర ఇప్పటి డిస్కుల్లో మైనస్ 1 కనిపిస్తుంది, ఇన్నిసార్లకోసారి పూర్తి చెకింగ్ జరగాలన్న నియమం లేదని అర్థం. కరెంటు పోయినప్పుడు, రాయబోయే మార్పులను ముందే నోట్ చేసుకునే జర్నల్ చూసుకుంటుంది, నిజమే. అయినా నెలకోసారి పూర్తి పరీక్ష మంచిది. మైనస్ ఐ 1 ఎమ్ అని గడువు పెట్టొచ్చు. అయితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరుస చివరి అంకె సున్నా ఉంటే ఈ గడువు ఎన్ని నెలలు పెట్టినా పరీక్ష జరగదు, దాన్ని 2 చేయాలి. ఇక్కడే చాలామంది సెట్టింగ్ పనిచేయలేదనుకుంటారు.

జర్నల్ తీసేస్తే వేగం పెరుగుతుందని, పెన్‌డ్రైవ్ అరగదని సలహాలు తిరుగుతుంటాయి. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తీయొచ్చు, డిస్క్ మౌంట్ తీసి ఉండాలి. యూపీఎస్ లేని చోట అలా చేయకండి. కరెంటు పోయిన ప్రతిసారీ డిస్క్ మొత్తం పరీక్షించాల్సి వస్తుంది.

మారనివాటిలో ముఖ్యమైనది ఐనోడ్ల సంఖ్య. ప్రతి ఫైల్‌కూ దాని వివరాలు ఉంచే ఐనోడ్ ఒకటి కావాలి. ఫార్మాట్ చేసేటప్పుడు మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున కేటాయిస్తుంది. మెయిల్ సర్వర్ లాగా లక్షల చిన్న ఫైళ్లు పడే చోట డిస్క్‌లో జీబీలు ఖాళీగా ఉండగానే ‘చోటు లేదు’ అంటుంది. డీఎఫ్ మైనస్ ఐ కొడితే అసలు సంగతి తెలుస్తుంది. దీనికి ట్యూన్2ఎఫ్‌ఎస్‌లో మందు లేదు.

దీని గొప్పదనం ఇంకొకటుంది. మైనస్ జెడ్ అని ఒక ఫైల్ పేరు ఇస్తే, మార్చబోయే ముందు ఉన్న బ్లాకులను అందులో దాస్తుంది. తేడా వస్తే ఈ2అన్‌డూతో వెనక్కి తేవచ్చు. ఆ ఫైల్ మాత్రం వేరే డిస్క్‌లో ఉండాలి. జర్నల్ తీయడం, మెటాడేటాకు (ఫైళ్ల వివరాలకు) చెక్‌సమ్ పెట్టడం లాంటి పెద్ద మార్పులకు దీన్ని తప్పకుండా వాడండి.

## ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్

సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ 1990లలో పెద్ద ఫైళ్ల కోసం తయారుచేసింది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నుంచి ఆ కుటుంబంలో మామూలుగా వచ్చేది ఇదే. పెద్ద వీడియో ఫైళ్లు, ఒకేసారి చాలామంది రాయడం, వీటిలో దీని పనితనం బాగుంటుంది.

మార్చుకునే స్వేచ్ఛ మాత్రం తక్కువ. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ మార్చేవి ముఖ్యంగా పేరు, యూయూఐడీ (డిస్క్ గుర్తింపు సంఖ్య), కొన్ని ఫీచర్లు. చాలావరకు మౌంట్ తీసి చేయాలి. పేరు 12 అక్షరాలు దాటకూడదు, ఈఎక్స్‌టీ4లో 16 దాకా కుదురుతుంది. ఐనోడ్ల బాధ ఇక్కడ దాదాపు లేదు, అవసరాన్ని బట్టి తనే కేటాయించుకుంటుంది. డిస్క్‌లో ఐనోడ్లు తీసుకోగల గరిష్ఠ శాతాన్ని ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ మైనస్ ఎమ్‌తో వాడుతుండగానే పెంచొచ్చు.

యూయూఐడీ సంగతి తెలిసి ఉండాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ను డీడీ కమాండ్‌తో ఉన్నదున్నట్టు కాపీ తీసి రెండూ ఒకే సిస్టమ్‌లో పెడితే, రెండోది మౌంట్ కాదు. ఒకే యూయూఐడీ రెండింటికీ ఉండటాన్ని అది ఒప్పుకోదు. కాపీ చెడిపోయిందని పారేయకండి. కాపీ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ మైనస్ క్యాపిటల్ యూ జెనరేట్ అని కొడితే కొత్త గుర్తింపు వస్తుంది.

పాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్కుల్లో ఫైల్ తేదీలు 2038 దాటవు. ‘బిగ్‌టైమ్’ ఫీచర్ ఆన్ చేస్తే 2486 వరకు వెళ్తాయి. ఒకసారి ఆన్ చేశాక ఆఫ్ లేదు.

కరెంటు పోయి వచ్చాక మౌంట్ కాకపోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్‌కు మైనస్ క్యాపిటల్ ఎల్ తగిలించమని సులువుగా చెప్పేస్తారు. అది ఇంకా డిస్క్ మీదికి చేరని మార్పుల లాగ్‌ను తుడిచేస్తుంది. ముందు మామూలుగా మౌంట్ చేసి చూడాలి, లాగ్ అప్పుడు తనంతట తనే ఎక్కుతుంది. తుడవడం ఏ దారీ లేనప్పుడే.

## బీటీఆర్‌ఎఫ్‌ఎస్

2009లో లైనక్స్ కెర్నల్‌లో చేరింది, ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో 2020 నుంచి మామూలుగా వస్తోంది. ఒక డిస్క్‌తో మొదలుపెట్టి, డబ్బు చేతికొచ్చాక రెండో డిస్క్ తగిలించి, బ్యాలెన్స్ కమాండ్‌తో పని ఆపకుండానే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా రెయిడ్1కు మార్చుకోవచ్చు. చిన్న అంగళ్లకు ఇంతకంటే అనుకూలమైన సంగతి ఈ నాలుగింటిలో లేదు. డిస్క్ సైజు తగ్గించడం కూడా నడుస్తుండగానే. రెయిడ్5, రెయిడ్6 మాత్రం వద్దు, కరెంటు పోయినప్పుడు వాటి లోపాలు బయటపడతాయని దాన్ని తయారుచేసేవాళ్లే హెచ్చరిస్తున్నారు.

కంప్రెషన్‌ను ఫోల్డర్ వారీగా ప్రాపర్టీ కమాండ్‌తో పెడితే డిస్క్ మీదే ఉండిపోతుంది. మౌంట్ ఆప్షన్‌గా పెడితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనే. జేపీఈజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటికి లాభం ఉండదు. డీటీపీ ఫైళ్లు, లాగులు, డేటాబేస్ డంపులకైతే బాగా పనిచేస్తుంది.

మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ దీని మీద పెడితే ఫైళ్లు ముక్కలై నెమ్మదిస్తాయి. ఛాట్‌ట్రిబ్యూట్ (అక్షరాల్లో సీహెచ్ఏటీటీఆర్) ప్లస్ క్యాపిటల్ సీ పెట్టమంటారు. అది ఖాళీ ఫోల్డర్‌కు పెట్టి తర్వాత ఫైళ్లు వేస్తేనే సరిగ్గా పనిచేస్తుంది, పైగా ఆ ఫైళ్లకు చెక్‌సమ్ పోతుంది. చెక్‌సమ్ కోసమే ఇక్కడికొచ్చి దాన్నే వదులుకోవడం నాకు నచ్చదు. డేటాబేస్ ముఖ్యమైతే ఈఎక్స్‌టీ4 వాడండి.

## జెడ్‌ఎఫ్‌ఎస్

సెట్టింగులు మార్చే తీరు వరకు చూస్తే దీన్ని మించింది లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ సెట్ కంప్రెషన్ ఈక్వల్ టు ఎల్‌జెడ్4 అని డేటాసెట్ (విడిగా సెట్టింగులు పెట్టుకోగల ఫోల్డర్ లాంటిది) పేరు కొడితే ఆ క్షణం నుంచి అమలు. కోటా, ఏటైమ్, రికార్డ్ సైజు, అన్నీ ఇదే పద్ధతి. ఇంటి పెద్ద చెప్పిన మాట పిల్లలకు వర్తించినట్టు, కోటా లాంటివి తప్ప పై డేటాసెట్‌కు పెట్టింది, కింద వేరేగా పెట్టకపోతే, ఉన్నవాటన్నింటికీ వస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ కొడితే ప్రతి విలువ పక్కన అది మామూలుగా ఉన్నదా, మనం పెట్టిందా, పైనుంచి వచ్చిందా అని కూడా చూపిస్తుంది. వద్దనుకుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ ఇన్‌హెరిట్. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు వచ్చి చూసినా అర్థమవుతుంది.

దీనికి ఇచ్చుకునే మూల్యం వేరే చోట ఉంది. లైసెన్స్ కారణంగా లైనక్స్ కెర్నల్‌లో భాగం కాదు. ఉబుంటు మాడ్యూల్ ఇస్తుంది, మిగతావాటిలో కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఒక కన్నేసి ఉంచాలి. మెమరీలో పెద్ద భాగం కాషేకు తీసుకుంటుంది కాబట్టి 4 జీబీ ఉన్న పాత సిస్టమ్‌కు నేనైతే పెట్టను. పూల్ (డిస్కుల సమూహం) తయారుచేసేటప్పుడు ఏషిఫ్ట్ (సెక్టార్ సైజు చెప్పే సెట్టింగ్) తప్పుగా ఇస్తే తర్వాత మార్చలేం. 4 కేబీ సెక్టార్ల డిస్కులకు 12 ఉండాలి. ఇక జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ అన్నది ప్రోగ్రామ్ అప్‌డేట్ కాదు, డిస్క్ రూపమే మారుతుంది, వెనక్కి రాదు. స్టేటస్‌లో ‘అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు’ అని కనిపించినంత మాత్రాన కొట్టనక్కర్లేదు.

## ఎవరికి ఏది

ఫొటో, వీడియో స్టూడియో. పదేళ్ల నాటి పెళ్లి ఆల్బమ్ కావాలని వచ్చేవాళ్లుంటారు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఫైల్ లోపల చెడితే ఈఎక్స్‌టీ4కు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు తెలియదు. చెక్‌సమ్ ఉన్న రెండింటికే తెలుస్తుంది, రెండో డిస్క్‌లో మంచి కాపీ ఉంటే సరిచేస్తాయి కూడా. రెండు డిస్కులు, 8 జీబీ పైన మెమరీ, చూసుకునే మనిషి ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్. ఇప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి అనుకుంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్. ఒక్క డిస్కే, ఇక అంతే అంటే ఈఎక్స్‌టీ4 పెట్టి రిజర్వ్ 1 శాతం చేసి, వేరే బ్యాకప్ పెట్టుకోండి. డిస్క్‌ను పీకి కస్టమర్ విండోస్ సిస్టమ్‌కు తగిలించి ఇచ్చే అలవాటుంటే ఈ నాలుగూ పనికిరావు, ఆ ఇచ్చే డిస్క్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి.

లాడ్జి, అంగడి, క్లినిక్ బిల్లింగ్. ఈఎక్స్‌టీ4, ఇంకో మాట లేదు. రిజర్వ్ 5 శాతం అలాగే ఉంచండి, ఎర్రర్స్ రీమౌంట్ ఆర్‌ఓ పెట్టండి, జర్నల్ జోలికి పోకండి. వేగం కోసం ‘నోబ్యారియర్’ పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, కరెంటు పోయినప్పుడు రాసిన వరుస తారుమారు కాకుండా కాపాడేది ఆ బ్యారియరే. ఈ ఊళ్లో కంగారు పడకుండా దీన్ని చూడగల మనిషి కూడా సులువుగా దొరుకుతాడు, అది చిన్న విషయం కాదు.

కాలేజీ ల్యాబ్. చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ పిల్లల లాగిన్లకు తలా 5 జీబీ అని కోటా పెట్టాలంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ మంచి ఎంపిక. యూజర్ వారీగానే కాక ఫోల్డర్ వారీగా కూడా ప్రాజెక్ట్ కోటా పెట్టొచ్చు. కోటా లెక్కింపు మాత్రం మౌంట్ చేసేటప్పుడే ఆన్ కావాలి, రీమౌంట్‌తో కుదరదు. రూట్ పార్టిషన్‌కైతే బూట్ సమయంలో కెర్నల్‌కు రూట్‌ఫ్లాగ్స్ ఇవ్వాలి. అందుకే హోమ్ ఫోల్డర్లను మొదటి రోజే వేరే పార్టిషన్‌లో పెట్టండి. ఈఎక్స్‌టీ4లోనూ ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ క్యాపిటల్ ఓ కోటా అని పెట్టొచ్చు, మౌంట్ తీయాలి. రేపు ఈ పార్టిషన్ తగ్గించి విండోస్‌కు చోటివ్వాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఎక్స్‌ఎఫ్‌ఎస్ తీసుకోకండి.

క్లౌడ్‌లో అద్దె సర్వర్ తీసుకున్నవాళ్లు వచ్చినదాన్నే వాడుకోండి. ఉబుంటు అయితే ఈఎక్స్‌టీ4, రెడ్ హ్యాట్ కుటుంబమైతే ఎక్స్‌ఎఫ్‌ఎస్. డిస్క్ పెంచడం రెండింటిలోనూ నడుస్తుండగానే అవుతుంది, తగ్గించే అవసరం అక్కడ అరుదు.

## మార్చే రోజు

లాడ్జి సిస్టమ్ మీద బ్రహ్మోత్సవాల వారంలో చేయి పెట్టకండి. స్టూడియో డిస్కుల పని ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకుంటే ముహూర్తాల ఒత్తిడి ఉండదు. యూపీఎస్ మీద నడపండి. మెటాడేటా చెక్‌సమ్ పెట్టడం లాంటివి డిస్క్‌లోని మెటాడేటా అంతా తిరిగి రాసుకుంటూ పోతాయి, మధ్యలో ఆగితే తలనొప్పి.

మొదట ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొట్టి డిస్క్ పేరు, ఫైల్ సిస్టమ్, యూయూఐడీ సరిచూసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి రీబూట్‌కు అటూ ఇటూ మారతాయి, నిన్నటి పేరు ఈరోజు వేరే డిస్క్‌ది కావచ్చు. ఉన్న సెట్టింగుల జాబితాను ఒక ఫైల్లోకి తీసుకుని ఇంకో చోట దాచండి. బ్యాకప్ ఉందనుకోవడం కాదు, అందులోంచి ఒక ఫైల్ తెరిచి చూడండి. ఆ తర్వాత ఒక్క సెట్టింగే మార్చి, మళ్లీ జాబితా తీసి పాతదాంతో పోల్చండి.

యూయూఐడీ మార్చినా, మౌంట్ ఆప్షన్లు మార్చినా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కూడా సరిచేయాలి. లేకపోతే తర్వాతి బూట్ ఎమర్జెన్సీ మోడ్ దగ్గర ఆగిపోవచ్చు. ఫైండ్‌మౌంట్ కమాండ్ (అక్షరాల్లో ఎఫ్ఐఎన్‌డీఎమ్ఎన్‌టీ) పక్కన రెండు మైనస్‌లు, వెరిఫై అని కొడితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పుంటే అక్కడే చెబుతుంది. డేటా డిస్క్ వరుసలో ‘నోఫెయిల్’ చేర్చండి, ఆ డిస్క్ కనబడకపోయినా సిస్టమ్ లేస్తుంది. మీరు సిస్టమ్ ముందు ఉండగానే ఒకసారి రీబూట్ చేసి, డిస్క్ దాని చోట మౌంట్ అయిందో లేదో చూసుకుని బయలుదేరండి.